ఆదర్శ ప్రధానాచార్యుడు – సర్ రఘుపతి వేంకటరత్నం నాయుడు

పాఠశాలకు గాని, కళాశాలకు గాని ప్రిన్సిపాలు కావలెనని ప్రకటన వెలువడినప్పుడు అందులో మూడు విషయాలు తప్పక ఉంటాయి. విద్యార్హత ఏమిటి, అనుభవం ఎన్నేండ్లు, జీతం ఎంత. ఆ పదవిలో కూర్చున్న మనిషి ఎవరెవరికి తలుపు తెరవవలెనో, ఎవరి కోసం పదిమంది మాట పడడానికి సిద్ధపడవలెనో ఏ ప్రకటనలోనూ ఉండదు. అయినా కాలం గడచిన తరువాత లోకం గుర్తుంచుకొనేది ఆ వ్రాయని విషయాన్నే. ఎంత జీతం తీసికొన్నాడో ఎవరూ అడుగరు. ఎవరిని లోపలికి రానిచ్చాడో అడుగుతారు.

తెలుగునాట ఈ పరీక్షకు నిలిచిన ప్రధానాచార్యులలో సర్ రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు అగ్రగణ్యులు. 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించిన ఆయన 1939 మే 26న పరమపదించారు. ఈ 76 ఏండ్ల జీవితంలో ఆయన ఉపాధ్యాయుడై, రెండు కళాశాలలకు ప్రిన్సిపాలై, చివరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. ప్రజలు ఆయనను బ్రహ్మర్షి అన్నారు. కొందరు ఆంధ్రుల సోక్రటీసు అన్నారు. మన విద్యార్థులలో పలువురికి ఆయన పేరు పరీక్షలకు చదివే చరిత్ర పుస్తకంలోని ఒక పంక్తి మాత్రమే. ఆ పంక్తి వెనుక ఉన్న మనిషిని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాల్యము, విద్య

నాయుడు గారి పూర్వులు సైనిక వృత్తిలో ఉన్నవారు. తండ్రి అప్పయ్య నాయుడు గారు సైన్యంలో సుబేదారు. తండ్రి ఉద్యోగం ఎక్కడికి బదిలీ అయితే బిడ్డ చదువు అక్కడికి సాగింది. అందువల్ల బందరులో పుట్టిన ఆ తెలుగు బాలుడు ఉత్తరదేశంలో పెరిగి హిందీ, ఉర్దూ, పారశీక భాషలు చిన్ననాడే నేర్చుకొన్నాడు. తరువాత తండ్రికి హైదరాబాదుకు బదిలీ కాగా ఆయన ఉన్నత పాఠశాల విద్య నిజాం రాజధానిలోనే పూర్తి అయింది.

ఉర్దూ, తెలుగు పక్కపక్కన వినిపించే మన జహీరాబాదులో ఈ విషయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఒక భాష నేర్చుకొంటే మరొక భాషకు నష్టమన్న భయం మనలో కొందరికి నేటికీ ఉంది. ఉర్దూ, పారశీకాలతో బాల్యం గడిపిన వేంకటరత్నం నాయుడు గారు పిమ్మట ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పట్టం పొంది, ఆంగ్లంలో దక్షిణదేశమంతటా పేరెన్నికగన్న వక్త అయ్యారు. ఒక భాషలో పట్టు దొరికిన బుద్ధికి మరొక భాష త్వరగా పట్టుబడుతుందనడానికి ఆయన జీవితమే నిదర్శనం.

పై చదువుకు ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అప్పుడు ఆ కళాశాల ప్రిన్సిపాలు డాక్టర్ విలియం మిల్లర్. విద్యార్థుల హృదయాలను ఆకట్టుకొన్న మహోపాధ్యాయుడుగా మిల్లర్ పేరు దక్షిణ భారత విద్యాచరిత్రలో నిలిచిపోయింది. ప్రిన్సిపాలు అంటే హాజరుపట్టీలు చూసే అధికారి మాత్రమే కాదు, ఒక తరం నడవడికి బాధ్యుడు అన్న భావానికి నాయుడు గారి కన్నుల ముందు నిలిచిన ఉదాహరణ ఆయనే. మద్రాసులోనే మన్నవ బుచ్చయ్య పంతులు గారి ప్రభావంతో బ్రహ్మసమాజం ఆయనను ఆకర్షించింది. ఏకేశ్వరోపాసన, కులభేద నిరాకరణ, స్త్రీవిద్య ఆ సమాజపు మూలసూత్రాలు. నాయుడు గారు వాటిని ఉపన్యాసాలకు మాత్రమే పరిమితం చేయలేదు. ఉద్యోగంలోకి వెంట తీసికొని పోయారు.

యౌవనంలోనే భార్యా వియోగం సంభవించింది. ఆయన మళ్ళీ వివాహం చేసికొనలేదు. తెల్లని తలపాగా, తెల్లని దుస్తులు అప్పటినుండి ఆయన గుర్తులయ్యాయి.

ఆనాటి పదవుల సంగతి

ఆ రోజులలో భారతీయుడు ప్రిన్సిపాలు కావడం నేటివలె సులభం కాదు. ప్రభుత్వ కళాశాలలలో ఆ పీఠం సాధారణంగా ఆంగ్లేయులది. మిషన్ కళాశాలలలో మిషనరీలది. నాయుడు గారు అధ్యాపకుడుగా పనిచేసిన బందరు నోబుల్ కళాశాల కూడా రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల నుండి పెరిగిన మిషన్ సంస్థయే. అటువంటి చోట భారతీయ అధ్యాపకుడు ఎంతటి ప్రతిభావంతుడైనా అగ్రపీఠం అతనికి దూరంగానే ఉండేది.

మరి యోగ్యులైన భారతీయులకు అవకాశం ఎక్కడ? స్వదేశ సంస్థానాలలో, జమీందారుల విద్యాలయాలలో. సరోజినీ నాయుడు గారి తండ్రి డాక్టర్ అఘోరనాథ చటోపాధ్యాయ ఎడింబరోలో డాక్టరేటు పొంది వచ్చి ప్రిన్సిపాలుగా పనిచేసింది హైదరాబాదులోనే. కట్టమంచి రామలింగారెడ్డి గారు ప్రిన్సిపాలు అయింది మైసూరు మహారాజా కళాశాలలో. వేంకటరత్నం నాయుడు గారికి మొదట సికింద్రాబాదులోనూ, పిదప కాకినాడలోనూ అవకాశం లభించింది. నిజాం సంస్థానం, పిఠాపురం సంస్థానం ఆయన దారిలోని రెండు మెట్లు.

అయితే సంస్థానాలలో అవకాశంతోపాటు అపాయమూ ఉండేది. చాందా రైలుమార్గం ఏర్పాటు విషయంలో ప్రభుత్వంతో విభేదించినందుకు అఘోరనాథులు 1883లో హైదరాబాదు విడిచిపోవలసి వచ్చింది. తరువాత వారిని తిరిగి రానిచ్చినా, ఆ సంఘటన ఆనాటి ప్రిన్సిపాలు పదవి ఎంత సన్నని దారమీద వ్రేలాడేదో తెలుపుతుంది. ఏలికల మనసు మారితే ఉద్యోగం మారేది. ఈ స్థితి తెలిసి కూడా ఆ పదవిని సంస్కరణకు ఉపయోగించుకొన్నవారి ధైర్యాన్ని మనం తూచి చూడాలి.

మహబూబ్ కళాశాలలో

1899లో నాయుడు గారు సికింద్రాబాదు మహబూబ్ కళాశాల ప్రిన్సిపాలుగా వచ్చారు. ఆ సంస్థ 1862లో, అనగా ఆయన పుట్టిన సంవత్సరంలోనే, సోమసుందర మొదలియారు గారి చొరవతో ఆంగ్లో వెర్నాక్యులర్ పాఠశాలగా వెలసింది. పిమ్మట ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట మహబూబ్ కళాశాల అయింది. 1893 ఫిబ్రవరి 13న స్వామి వివేకానందులు అమెరికాకు పోకముందు ఉపన్యసించిన వేదిక ఇదే. ఒక తమిళ వితరణశీలి పూనికతో ఆరంభమై, ఒక ముస్లిం ప్రభువు పేరు ధరించి, ఒక హిందూ సన్యాసికి వేదికై, ఒక బ్రహ్మసామాజికుని ప్రిన్సిపాలుగా పొందిన ఆ విద్యాలయం దక్కను సంస్కృతికి చక్కని నమూనా.

మొత్తం ఐదేండ్లు ఆయన అక్కడ ఉన్నారు. చిన్ననాడు విద్యార్థిగా తిరిగిన ప్రాంతానికే ప్రధానాచార్యుడుగా తిరిగి వచ్చారు. సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతంలో తమిళులు, తెలుగువారు, మరాఠీలు, ఉర్దూ మాట్లాడేవారు కలసి ఉండేవారు. అటువంటి ఊరిలో విద్యాలయం నడపాలంటే అన్ని ఇండ్ల భాషా కొంతైనా తెలిసి ఉండాలి. సుబేదారుగారి కుమారుడికి ఆ సౌలభ్యం బాల్యంలోనే అబ్బింది.

కాకినాడలో

1904లో నాయుడు గారు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాల ప్రిన్సిపాలు పదవిని స్వీకరించారు. 1919 వరకు ఆ పీఠం మీద ఉన్నారు. ఆయన పేరు చిరస్థాయి అయింది ఈ 15 ఏండ్ల వల్లనే.

ఒక కళాశాలలో ప్రిన్సిపాలు చేతిలో నిజంగా ఉండే అధికారాలు కొన్నే. ఎవరికి ప్రవేశం ఇవ్వాలి, ఎవరి రుసుము మాఫీ చేయాలి, ఎవరిని వసతిగృహంలో ఉంచాలి, ఎవరిని అధ్యాపకులుగా చేర్చుకోవాలి. ఈ నాలుగూ పైకి చూడడానికి కచేరీ వ్యవహారాలు. నాయుడు గారి చేతిలో ఇవే సంఘసంస్కరణ సాధనాలయ్యాయి.

మొదటిది స్త్రీల ప్రవేశం. ఆడపిల్లకు అక్షరాలు నేర్పడమే వివాదమైన రోజులవి. అటువంటి కాలంలో మగపిల్లలు చదివే కళాశాలలో ఆడపిల్లలకు చోటు కల్పించారు. ఆంధ్రదేశంలో సహవిద్యకు దారి తీసిన తొలి కళాశాలలలో అది ఒకటి.

రెండవది ఆనాడు పంచములని పిలువబడిన దళిత కులాల విద్యార్థుల ప్రవేశం. చట్టరీత్యా ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలలు ఎవరినీ కులం కారణంగా నిరాకరించరాదని నియమం ఉన్నా, ఊళ్లలో ఆ నియమం కాగితం దాటి వచ్చేది కాదు. దళిత బాలుడు తరగతిలో కాలు పెడితే తక్కినవారు లేచిపోయేవారు. ప్రవేశం ఇచ్చినంత మాత్రాన సమస్య తీరదు; ఆ బాలుడు పట్నంలో ఎక్కడ ఉండాలి, ఎవరింట తినాలి? అందుకే నాయుడు గారి కృషికి వసతిగృహం తోడయింది. పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహదూరు వారు నాయుడు గారిని గురువుగా భావించారు. ఆ గౌరవభావం కాకినాడలో దళిత విద్యార్థులకు వసతిగృహంగా, అనాథలకు ఆశ్రమంగా, స్త్రీలకు, దళితులకు రుసుము లేని చదువుగా రూపుదాల్చింది.

ఇక్కడ పాలకవర్గం వారు గమనించదగిన సూక్ష్మం ఒకటి ఉంది. ప్రిన్సిపాలు ఆలోచన ఎంత గొప్పదైనా ధనం చేతిలో ఉన్నవారు చెవి ఒగ్గకపోతే అది ఆలోచనగానే మిగిలిపోతుంది. ధనవంతులు ఎంత దాతలైనా, ధనాన్ని ఎక్కడ నాటితే మొలకెత్తుతుందో చెప్పగల ఆచార్యుడు లేకపోతే అది గోడలకు సున్నంగా మారుతుంది. కాకినాడలో ఆ ఇద్దరూ ఒకే కాలంలో కలిశారు.

పేద విద్యార్థుల పట్ల ఆయన దయ ప్రభువుల ధనంతో సరిపెట్టుకొనలేదు. తన ఆర్జనలో అధికభాగం వారికే వెచ్చించారని ఆయన జీవితం వ్రాసినవారందరూ చెబుతారు. ఆయన ఆంగ్లోపన్యాసాలు, ధర్మబోధలు శిష్యుల పూనికతో సంపుటాలుగా అచ్చయ్యాయి.

శిష్యులు

గురువు విలువను శిష్యులలో చూడాలంటారు. బందరులో ఆయన ప్రభావం పొందినవారిలో తరువాత కాంగ్రెసు చరిత్ర వ్రాసిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు, కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు గారు ఉన్నారు. కాకినాడలో ఆయన నీడన చదివినవారిలో భావకవితకు ప్రతినిధి అయిన దేవులపల్లి కృష్ణశాస్త్రి, తెలుగు సంఘాన్ని కుదిపివేసిన రచయిత గుడిపాటి వేంకటచలం ఉన్నారు.

ఈ నలుగురి మార్గాలు ఒకటి కావు. ఒకరు రాజకీయ నాయకుడు, ఒకరు పాత్రికేయుడు, ఒకరు కవి, ఒకరు తిరుగుబాటుదారు. చలం తరువాతి రచనలలో స్త్రీపురుష సంబంధాలను గురించి చెప్పిన భావాలు గురువుగారి నైతిక నిష్ఠకు దాదాపు ఎదురుగా నిలుస్తాయి. కాని స్త్రీ కూడ స్వతంత్ర వ్యక్తి అన్న విత్తనం ఆ కళాశాల వాతావరణంలో పడిందే. శిష్యులను తన ప్రతిబింబాలుగా చేసే గురువు కంటె వారిని వారి దారిన నడువనిచ్చే గురువు గొప్పవాడు.

అదే గోదావరీ తీరంలో అదే కాలంలో జరిగిన మరొక సంఘటనను ఇక్కడ జ్ఞాపకం చేసికోవాలి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించినప్పుడు రాజమండ్రి విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు పోయారు. అక్కడి ప్రిన్సిపాలు మార్క్ హంటర్ వారిపై కఠిన చర్య తీసికొన్నాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు కళాశాల నుండి బహిష్కృతులయ్యారు. నాయుడు గారు రాజకీయోద్యమాలలో దిగినవారు కారు. 1924లో ఆంగ్ల ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదును స్వీకరించారు. ఆ విషయంలో ఆయనతో ఏకీభవించనివారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అయినా ఆ ఇద్దరు ప్రిన్సిపాళ్ళ పేర్లలో ఒకటి బయటికి పంపినందుకు, మరొకటి లోపలికి రానిచ్చినందుకు చరిత్రలో మిగిలాయన్నది కాదనలేని సత్యం.

ఒక విమర్శ

మహనీయుల జీవితాలు వ్రాసేటప్పుడు వెలుగును మాత్రమే చూపించడం విద్యార్థులకు మేలు చేయదు. వేంకటరత్నం నాయుడు గారు కందుకూరి వీరేశలింగం పంతులు గారి వలెనే భోగంమేళాలకు వ్యతిరేకంగా 1890ల నుండి గట్టిగా పోరాడారు. పెండ్లిండ్లలో, దొరల విందులలో ఆ మేళాలు పెట్టించడం మానవలెనని, అటువంటి సభలకు మర్యాదస్థులు పోరాదని ప్రచారం చేశారు. బాలికలను దేవాలయాలకు అంకితం చేసే దురాచారం ఆగవలసిందే; 1947లో మద్రాసు ప్రభుత్వం దానిని చట్టరీత్యా నిషేధించింది.

కాని ఆ ఉద్యమంలో ఒక లోపం ఉన్నదని నేటి చరిత్రకారులు గుర్తిస్తున్నారు. మేళాలు ఆగిపోతే ఆ స్త్రీలకు జీవనోపాధి ఏమిటి అన్న ప్రశ్నకు సంస్కర్తలు తగినంత శ్రద్ధ చూపలేదు. శతాబ్దాలుగా వారు కాపాడిన సంగీత నాట్య విద్యలకు కూడ అపవాదు అంటింది. కళాశాల తలుపును ఇందరికి తెరచిన చేయి ఆ స్త్రీల విషయంలో తీర్పు చెప్పడానికే ఎక్కువగా లేచింది. దీనివల్ల ఆయన గొప్పతనం తగ్గదు. ఎంతటి సంస్కర్త చూపైనా తన కాలపు అంచు దాటి కొంత దూరమే పోగలదని మాత్రం తెలుస్తుంది. మిగిలిన దూరం పోవడం తరువాతివారి వంతు.

విశ్వవిద్యాలయ పీఠం

1925 నుండి 1928 వరకు నాయుడు గారు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నారు. 1857లో నెలకొన్న ఆ విశ్వవిద్యాలయం అప్పటివరకు తెలుగు జిల్లాల విద్యార్థులందరికీ పరీక్షాధికారి. ఆయన పదవిలో ఉండగానే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి, కట్టమంచి రామలింగారెడ్డి గారు తొలి ఉపకులపతి అయ్యారు. అంతకు 8 ఏండ్లు ముందే, 1918లో, హైదరాబాదులో ఉర్దూ బోధనామాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. సంస్థానాల కళాశాలలలో తలయెత్తిన భారతీయ ఆచార్యులు ఒక తరంలోనే విశ్వవిద్యాలయాల పీఠాలు అధిష్ఠించే స్థితికి వచ్చారు. ప్రిన్సిపాలు పదవే అందని ద్రాక్షగా ఉన్న దేశంలో ఇది చిన్న ప్రయాణం కాదు.

మనకు మిగిలిన పాఠం

నేడు ప్రిన్సిపాలు పదవికి అవకాశాలు విస్తరించాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల విద్యాలయం ఒక కొత్త సంప్రదాయానికి నాంది పలికింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో ప్రారంభమై, మరుసటి ఏటికే 200 దాటాయి. వాటిలో ప్రతిదానికీ ఒక ప్రిన్సిపాలు కావాలి. ఇప్పుడు ఈ తరగతులలో కూర్చున్న మీలో కొందరు, ముఖ్యంగా మన బాలికలలో కొందరు, రేపు ఆ కుర్చీలలో కూర్చుంటారు. పీజీ, బీఎడ్ పట్టాలు, పోటీపరీక్షలు మిమ్మల్ని ఆ గడప వరకు చేరుస్తాయి. గడప దాటిన తరువాత మార్గదర్శకుడు ఒకడు కావాలంటే నాయుడు గారిని తలచుకోండి.

గురుకుల ప్రిన్సిపాలు పగలు ఆచార్యుడు, రాత్రి తల్లిదండ్రులకు మారు. వసతిగృహం లేని చదువు పేదవానికి సగం చదువేనని కాకినాడలో ఆయన గ్రహించిన సత్యం మీద నేటి గురుకులాలు నిలిచి ఉన్నాయి. ఉపప్రధానాచార్యుల పదవి కూడ చిన్నది కాదు. కాలనిర్ణయ పట్టిక, హాజరు, క్రమశిక్షణ వారి చేతిలోనివే. రుసుము కట్టలేక వెనుక బల్లమీద తలవంచుకొన్న పిల్లవానిని మొదట చూసే అవకాశం వారిదే. ఆ కబురు ప్రిన్సిపాలు గదికి చేరడమో, చేరకపోవడమో ఒక జీవితాన్ని నిర్ణయించవచ్చు.

కళాశాల పాలకవర్గం పెద్దలకు సవినయంగా ఒక మాట. ప్రిన్సిపాలును ఎన్నుకొనేటప్పుడు అర్హత, అనుభవం చూడడం అవసరమే. వాటితోపాటు అభ్యర్థి ఇంతవరకు ఎవరికైనా తలుపు తెరిచాడా అన్నది కూడ విచారించండి. ఎన్నుకొన్న తరువాత ఆయన తెరిచిన తలుపును మూయించకండి. పిఠాపురం ప్రభువుల ఐశ్వర్యం మనకు లేకపోవచ్చు. వారు చెవి ఒగ్గిన పద్ధతికి మాత్రం ఖర్చు లేదు.

విద్యార్థులారా, బందరులో పుట్టి, హైదరాబాదులో చదివి, సికింద్రాబాదులో బోధించి, కాకినాడలో ఒక యుగాన్ని నడిపిన ఈ ఆచార్యుడు అటు కోస్తావారికీ, ఇటు తెలంగాణవారికీ, తెలుగువారికీ, ఉర్దూవారికీ సమానంగా చెందినవారు. ఆయన విగ్రహానికి పూలమాల వేయడం కంటె, మన తరగతిలో ఇంకా చోటు దొరకని ఒక్క బాలికకో, బాలునికో బల్లమీద కాస్త జరిగి చోటివ్వడమే ఆయనకు తగిన నివాళి.